మహారాణి ఏడు మరణాలు

గత శనివారం సాయంత్రం పెద్ద నాటకశాలలో మహారాణి ఏడుసార్లు చనిపోయారు. ఇంతవరకూ ఆమె ఏ ఊళ్ళోనూ మూడుసార్లకు మించి చనిపోలేదు కనుక ఇది మన ఊరికి దక్కిన గౌరవమనీ, ఇందుకు సహకరించిన తొమ్మిది వందల మంది ప్రేక్షకులకూ పేరుపేరునా కృతజ్ఞతలనీ అభిమాన సంఘం వారు సోమవారం ఒక ప్రకటన విడుదల చేశారు. ప్రకటన పైభాగాన అధ్యక్షుడి ఫొటో ఉంది. మహారాణి ఫొటోకు చోటు చాలలేదు.

ఆ నాటకం చూడని దురదృష్టవంతులు ఎవరైనా ఉంటే వాళ్ళ కోసం రెండు ముక్కలు. ఒక మహారాణి రాజ్యం పోగొట్టుకుని చెరసాలలో పడుతుంది. శత్రువు పంపిన విషం తాగి, వీడ్కోలు పాట పాడి, నేలకొరిగి ప్రాణం విడుస్తుంది. విషం తాగాక మామూలు మనుషులకు మాటే రాదు. మహారాణికి మాత్రం ఆరు నిమిషాల పాట వస్తుంది, అదీ పై స్థాయిలో. ఇరవై ఆరేళ్ళుగా ఆ వేషం కట్టి ఆ పాట పాడుతున్న గాయనిని అందరూ రాణిగారనే పిలుస్తారు. పాట అవగానే జనం "వన్స్ మోర్" అంటారు. అనగానే చచ్చి పడివున్న రాణిగారు లేచి, జుట్టు సవరించుకుని, గిన్నె అందుకుని మళ్ళీ విషం తాగుతారు. తల దగ్గర కూర్చుని బావురుమంటున్న ముసలి మంత్రి ఏడుపు ఆపి, పక్కకు తప్పుకుని, తన వంతు వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడతాడు. ఇందులో విడ్డూరం ఏమీ లేదు. కళాభిమానం ఉన్న ఏ ఊళ్ళోనైనా జరిగేది ఇదే.

ఈ కథలో ముఖ్యమైన మనిషి మాత్రం రాణిగారు కాదు. గొంతు డాక్టరుగారి దగ్గర టోకెన్లు ఇచ్చే ఆవిడ. రోగులందరూ ఆమెను టోకెనక్క అంటారు. మాట పడిపోయినవాళ్ళతో పదహారేళ్ళుగా పనిచేయడం వల్ల ఎదుటివాళ్ళ మాట కూడా తనే మాట్లాడేయడం ఆమెకు అలవాటైపోయింది. ఇరవై రెండేళ్ళ అభిమానంలో రాణిగారి నాటకం పద్నాలుగుసార్లు చూసింది, అన్నిసార్లూ చిట్టచివరి వరుసలోంచే. ఈసారి మూడో వరుస దొరికింది. టికెట్టు చేతికొచ్చిన రోజు నుంచి నేల మీద నడవడం మానేసింది.

అలాంటి టోకెనక్క బల్ల ముందుకు బుధవారం నాడు సాక్షాత్తూ రాణిగారే వచ్చి నిలబడ్డారు. చేతిలో పెన్ను ఎందుకుందో కూడా టోకెనక్కకు కాసేపు గుర్తు రాలేదు. డాక్టరుగారు గొంతులోకి లైటు వేసి చూసి, కుర్చీలో వెనక్కి వాలారు.

"లోపల కాయలు కట్టాయమ్మా. నెల రోజులు నోరు మెదపకూడదు. శనివారం తప్పదంటారా, పాట ఒక్కసారి పాడండి. రెండోసారి పాడితే మాత్రం ఆ గొంతు మళ్ళీ వస్తుందని నేను చెప్పలేను."

ఈ మాటలను టోకెనక్కే తన గుండ్రటి చేతిరాతతో చీటీ మీద రాసి, ముద్ర కొట్టి ఇచ్చింది. రాణిగారు ఆ చీటీతో పాటు ఆమె చేతిని కూడా పట్టుకున్నారు.

"ఒక్కసారికే ఫరవాలేదట, అమ్మాయ్. జనం ఊరుకుంటారంటావా?"

"ఎందుకు ఊరుకోరమ్మా! నేనున్నాగా," అంది టోకెనక్క. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు. లోకంలో తనకు అందరికన్నా ఇష్టమైన గొంతు తన చేతిలో పెట్టినట్టయింది.

రోగి సంగతి బయటపెట్టడం వృత్తిధర్మానికి విరుద్ధం. ఆ విషయం టోకెనక్కకు బాగా తెలుసు కనుక భర్తకు, చెల్లెలికి, ఎదురింటి పిన్నిగారికి, అభిమాన సంఘం అధ్యక్షుడికి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. వాళ్ళకైనా ఒట్టు వేయించుకునే చెప్పింది. గురువారం మధ్యాహ్నానికల్లా ఊరంతా ఒట్టు వేసింది. రాణిగారి గొంతు రేపో మాపో అన్నట్టుందని తెలియగానే, అప్పటిదాకా సగం మిగిలిపోయిన టికెట్లన్నీ ఒక్క పూటలో అయిపోయాయి. పాటంటే గిట్టనివాళ్ళు కూడా, ఇప్పుడు వినకపోతే మళ్ళీ వినలేమేమోనని పిల్లాపాపలతో బయల్దేరారు. హాలువాళ్ళు నడవల్లో కుర్చీలు వేయించారు.

అధ్యక్షుడు కళ్ళజోళ్ళ కొట్టు యజమాని. దూరదృష్టి కలవాడు. "మౌనమే మన చప్పట్లు" అని అచ్చువేయించి వచ్చినవాళ్ళందరికీ గుండెల మీద అంటించాడు. తెర లేచే ముందు వేదిక ఎక్కి నలభై నిమిషాలు మాట్లాడాడు. "మిత్రులారా! ఆ గొంతు ఆమెది కాదు, మనది! దాన్ని కాపాడుకోవలసిన గురుతర బాధ్యత మన భుజస్కంధాల మీద ఉంది! ఈ రాత్రి ఎవడైనా 'వన్స్ మోర్' అన్నాడా, వాడు మనిషి కాడు, పశువు! మన మౌనం ఎంత గట్టిగా ఉండాలంటే..." అని, ఎంత గట్టిగా ఉండాలో తెలియడానికి 'మౌనమే మన చప్పట్లు' అని అందరి చేతా మూడుసార్లు అరిపించాడు. మూడోసారికి పైకప్పు నుంచి సున్నం రాలింది.

మూడో వరుసలో టోకెనక్క పక్కన ఆమె భర్త కూర్చున్నాడు. లిఫ్టులు బాగుచేస్తాడు. పాటకూ పద్యానికీ తేడా తెలియని అమాయకుడు. తన పక్కన సీటు ఖాళీగా ఉంటే ఎవరైనా మొరటువాడు వచ్చి కూర్చుంటాడేమోనని భార్య అతన్ని వెంటతెచ్చుకుంది.

చివరికి ఆ పాట వచ్చింది. ఆ పాట గురించి నేను వెటకారం చేయలేను. రాణిగారు గిన్నె కింద పెట్టి మొదటి మాట ఎత్తుకోగానే హాలులో దగ్గులు కూడా ఆగిపోయాయి. ఒక్కసారే పాడగలనని తెలిసిన మనిషి పాడే పాట అది. ఏదీ దాచుకోలేదు. పై స్వరం అందుకున్నప్పుడు టోకెనక్కకు ఒళ్ళు జల్లుమంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, భర్త మోచెయ్యి గట్టిగా గిల్లేసింది. పాట అయింది. రాణిగారు నేలకొరిగారు.

ఎవరూ అరవలేదు. ఇది చరిత్రలో నమోదు కావలసిన సంగతి. తొమ్మిది వందల మంది చేతిరుమాళ్ళు నోట్లో కుక్కుకున్నారు. అధ్యక్షుడు తన పెదవులను తనే వేళ్ళతో పట్టుకున్నాడు. అర నిమిషం గడిచింది. నిమిషం గడిచింది. ముసలి మంత్రి ఏడవాలో తప్పుకోవాలో తెలియక అటూ ఇటూ చూశాడు.

అప్పుడు చచ్చిపోయిన రాణిగారు ఒక కన్ను కొద్దిగా తెరిచి జనం వైపు చూశారు.

వెనక వరుసల వాళ్ళకు అది కనపడదు. మూడో వరుసకు కనపడింది. టోకెనక్క గుండె తరుక్కుపోయింది. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి ఒక్కరూ వన్స్ మోర్ అనలేదే, పాట బాగోలేదేమోనని ఆ తల్లి ఎంత కుమిలిపోతోందో! ఎదుటివాళ్ళ మాట కూడా తనే మాట్లాడే అలవాటు ఉందని చెప్పాను కదా, ఆ కంటి మాట కూడా తనే మాట్లాడేసుకుంది. ఒక్కసారి, మర్యాద కోసం, మెల్లగా అంటే తప్పేముంది? రాణిగారు వినాలి, మిగతావాళ్ళు వినకూడదు. అంతే.

"వన్స్ మోర్!" అంది.

మెల్లగానే అంది. కానీ అంతటి నిశ్శబ్దంలో సూది పడినా వినిపిస్తుంది. తొమ్మిది వందల రుమాళ్ళు గాల్లోకి లేచాయి.

రెండోసారి రాణిగారు చీటీలో రాసినదానికి విరుద్ధంగా చనిపోయారు. మూడోసారి చనిపోవడం పాత రికార్డును అందుకోవడానికి. నాలుగోసారి రికార్డు బద్దలైనందుకు కుర్చీలెక్కి ఈలలు వేశారు. ఆ నాలుగోసారే పై స్వరం దగ్గర గొంతు పగిలింది. ఆహా, ఎంత కరుణ, ఎంత ఆర్ద్రత అని పెద్దమనుషులు కళ్ళు తుడుచుకుని, ఆ పగిలిన చోటు మళ్ళీ వినాలని పట్టుబట్టారు. అయిదోసారి అక్కడే కాక ఇంకో మూడు చోట్ల పగిలింది. విషం గిన్నెలో పోస్తున్న నీళ్ళు అయిపోతే ముందు వరుసవాళ్ళు తమ సీసాలు అందించారు. శత్రువులు కూడా రాణిగారికి ఇంత శ్రద్ధగా విషం పోయలేదు.

అప్పుడు లిఫ్టు మెకానిక్కు లేచి నిలబడ్డాడు.

"బరువెక్కువైతే లిఫ్టయినా కదలనంటుంది కదండీ. ఆవిడకి నొప్పిగా ఉన్నట్టుంది. ఇంక వదిలేద్దాం," అన్నాడు.

హాలంతా అతని వైపు తిరిగింది. కళ అంటే ఏమిటో తెలియనివాళ్ళను ఎవరు రానిచ్చారని అధ్యక్షుడు మైకులో అడిగాడు. పక్కవాళ్ళు చొక్కా పట్టి కూర్చోబెట్టారు. "పరువు తీస్తున్నారు, కాసేపు నోరు మూసుకుని కూర్చోండి," అంది టోకెనక్క. ఆ రాత్రి నోరు మూసుకోమని చెప్పించుకున్నవాడు ఆ హాలులో అతనొక్కడే.

ఆరోసారి రాణిగారి నోట గాలి మాత్రమే వచ్చింది. జనమే పాడారు. ఏడోసారి గాలి కూడా రాలేదు. ఆమె నోరు తెరిచి, గొంతు రెండు చేతులతో పట్టుకుని, వేదిక మధ్య మెల్లగా కూలబడిపోయారు. అంత సహజమైన మరణం ఎవరూ ఎన్నడూ చూసి ఎరగరు. పదకొండు నిమిషాలు నిలబడి చప్పట్లు కొట్టారు.

సోమవారం ఉదయం రాణిగారు మళ్ళీ టోకెనక్క బల్ల ముందుకు వచ్చారు. మాట లేదు. కాగితం తీసుకుని రాశారు: "అమ్మాయ్, మొదట అందరూ ఊరుకున్నారు. నా పాట తరువాత అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. నామీద ఇంత ప్రేమా అని ఆగలేక కన్ను తెరిచి చూసుకున్నాను. అంతలో ఎవరో అరిచారు. ఎవరో నువ్వు చూశావా?"

టోకెనక్క ఆ కాగితం రెండుసార్లు చదివింది.

"బాల్కనీలో ఎవరోనమ్మా. బుద్ధీజ్ఞానం లేనివాళ్ళు," అంది. తరువాత మందుల గదిలోకి వెళ్ళి ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది, ఆ విషయంలో ఆమెను అనుమానించకండి.

రాణిగారు లోపలికి వెళ్ళారు. బయట బెంచీల మీద ఇరవై ముగ్గురు రోగులు, అందరూ మాట్లాడకూడదని చీటీ రాయించుకున్నవాళ్ళే, తలుపు దగ్గరకు జరిగారు. "ఆ అనండి," అన్నారు లోపల డాక్టరుగారు. కాసేపటికి 'ఆ' అని వినపడింది. తుప్పుపట్టిన తలుపు మడతబందు చప్పుడుకు ఎక్కువ, మనిషి గొంతుకు తక్కువ. "ఇంకోసారి," అన్నారు డాక్టరుగారు.

"విన్నారా! డాక్టరుగారే ఉండబట్టలేక అడుగుతున్నారు!" అంది బొంగురు గొంతుతో పదకొండో నంబరు టోకెను. ఇంకేముంది, చప్పట్లు. వన్స్ మోర్ అని కేకలు. కేక రానివాళ్ళు బెంచీలు చరిచారు.

టోకెనక్క మందుల గదిలోంచి పరుగున వచ్చింది. వాళ్ళ నోళ్ళు మూయించడానికే వచ్చింది. చెయ్యెత్తింది, నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే లోపలి నుంచి రెండో 'ఆ' వినపడింది. ఆమె తెరిచిన నోట్లోంచి ఏం వచ్చిందో నేను చెప్పను. ఆమెను తిట్టుకుంటున్న మీరు మాత్రం ఒక్క నిజం చెప్పండి. ఇంతసేపూ ఈ కథ చదువుతూ, ఆ పాట ఇంకొక్కసారి, ఎనిమిదోసారి, మీకు వినపడేంత దగ్గరగా పాడితే బాగుండునని మీకు అనిపించలేదూ?