వంద దాకా వగైరా

కంప్యూటర్ పాఠం చెప్పడానికి కంప్యూటర్ అక్కర్లేదు. ఉంటే అడ్డం కూడా! నవ్వకండి. ఏళ్ల తరబడి ఆ పాఠం చెప్పే జీతం తీసుకుంటున్నవాణ్ణి.

నిజానికి నేను లెక్కల మాస్టారిని. ఒకనాడు హెడ్మాస్టర్ గారి ప్రింటర్లో ఇరుక్కున్న కాగితాన్ని బయటికి లాగాను. అంతే, మర్నాటి నుంచి కంప్యూటర్ మాస్టారినీ నేనే! ఈ సబ్జెక్టు చెప్పడానికి మీకు ప్రేరణ ఎవరని అడిగితే ఆ కాగితాన్నే చూపించాలి.

మా బడిలో ల్యాబు లేదనుకునేరు. భేషుగ్గా ఉంది. కంప్యూటర్లకు ముసుగులు, తలుపుకు తాళం, తాళంచెవి హెడ్మాస్టర్ గారి జేబులో. "పిల్లలు ముట్టుకుంటే పాడైపోతాయి మాస్టారూ" అంటారాయన. ఎంత ముందుచూపు! ఎవరూ ముట్టుకోకుండానే అవి పాతబడ్డాయి.

అందుకే నేను ప్రోగ్రాములన్నీ నల్లబల్ల మీదే రాస్తాను. బల్ల మీద ఏ ప్రోగ్రామైనా మొరాయించిందా? వైరస్ పట్టిందా? జవాబు కూడా కింద నేనే రాస్తాను కనుక ఎప్పుడూ సరిపోతుంది. "అసలు మీకు కంప్యూటర్ వచ్చా?" అని మా ఆవిడ అప్పుడప్పుడు అడుగుతుంది. ఇంటిగుట్టు మీకెందుకు గానీ, రాదు.

మొన్న పై అధికారులు వస్తున్నారని ల్యాబు తెరిచారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. వెనకబెంచీ అమ్మాయి ఒకతి నా ప్రోగ్రామును ఉన్నదున్నట్టు కంప్యూటర్లో కొట్టింది. తెర నిండా ఎర్రక్షరాలు! మళ్లీ కొట్టింది. మళ్లీ అవే.

"తప్పు నువ్వు కొట్టావా, నేను రాశానా?"

"మీరే సార్" అంది మొహమాటంగా. "ఒకటీ, రెండూ, మూడూ కూడమని చుక్కలు పెట్టి వంద రాశారు. దీనికి వగైరా అంటే తెలీదేమో సార్."

లెక్కల మాస్టారి బుద్ధి! ఇన్నేళ్లూ యంత్రానికి వగైరా చెప్పి బతికాను. సిగ్గేసింది. అయినా ఆ పిల్ల పక్కనే స్టూలు లాక్కుని కూర్చున్నాను. వంద దాకా వెళ్లమని దానికి ఎలా చెప్పాలో ఇద్దరం కుస్తీ పట్టాం. తక్కిన పిల్లలంతా మీద పడి తలో సలహా ఇచ్చారు. గంట కొట్టినా ఒక్కరూ లేవలేదు. చివరికి సరైన జవాబు వచ్చింది. నాకు ముందే తెలిసిన జవాబే, అయినా నేనే అందరికన్నా గట్టిగా అరిచాను. అంత సంతోషం ఈ ఉద్యోగంలో ఎన్నడూ ఎరగను.

అధికారులు వచ్చారు. కంప్యూటర్లు తళతళలాడుతున్నాయని మెచ్చుకుని వెళ్లారు. ఆ వెంటనే తాళం పడింది. మంచిదే కదా, నా పరువు దక్కింది!

నిన్న మళ్లీ బల్ల మీదే రాశాను. అంతా సవ్యంగా, ఒక్క పొరపాటు లేకుండా. వెనకబెంచీ అమ్మాయి చెయ్యెత్తింది.

"సార్, మళ్లీ ఎప్పుడు తప్పు చేద్దాం?"