బుచ్చన్న మెక్సికో యాత్ర

గల్ఫ్‌లో కూలిపని చేసే బుచ్చన్న ఆ శుక్రవారం పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలోని గయాజ్ స్టూడియోకు వెళ్లి, సెలవు దరఖాస్తుకు పాస్‌పోర్టు ఫోటోలు దిగాలి. కూలీలుండే క్యాంపుకు తిరిగొచ్చి బట్టలు ఉతుక్కోవాలి. ఇల్లు చూసి ఇరవై ఆరు నెలలైంది. మరో మూడు నెలలకు దొరకబోయే ఆ సెలవు మీదే ప్రాణాలు పెట్టుకుని ఉన్నాడు.

ఫోటోలు దిగి వెళ్లబోతుంటే గోడకు వేలాడే ఒక బొమ్మ పరదా అతన్ని ఆపేసింది. ఫుట్‌బాల్ పోటీలకు వచ్చిన మెక్సికో అభిమానుల కోసం గయాజ్ తెప్పించింది. దాని మీద పెద్ద రాతి గుట్ట, గుట్టకు నిటారుగా మెట్లు. బుచ్చన్నకు మాత్రం తమ ఊరి గుట్టే కనిపించింది. పెళ్లయిన కొత్తలో గంగామణితో అలాంటి మెట్ల మీదే కూర్చుని పుట్నాలు తిన్నాడు.

"గిక్కడ నిలువునా ఒకటి తియ్యి భాయ్," అన్నాడు.

ఆ ఫోటోను భార్యకు పంపి, ఒక్క మాటా రాయలేదు. చూస్తే ఆమే గుర్తుపడుతుందనుకున్నాడు.

గుర్తుపట్టింది పక్కింటి మమత. డిగ్రీ చదువుతున్న పిల్ల. ఫోన్లో వెతికి, ఆ గుట్ట మెక్సికోలో ఉందని వాడకంతా తేల్చి చెప్పింది. సాయంత్రానికి గంగామణి ఫోన్ చేసింది.

"ఏమయ్యా, మూడు నెల్లదాంక లీవు లేదని నాకు జెప్పి, నువ్వు మెక్సికో తిరుగుతున్నవా?"

వెనక పదిమంది గొంతులు. వాళ్లందరి ముందు పరదా సంగతి చెప్పడానికి బుచ్చన్నకు నామోషీ అనిపించింది.

"కంపెనీ పంపిందే. డ్యూటీ మీద పోయొచ్చిన," అన్నాడు.

ఇక ప్రతి శుక్రవారం వాడంతా గంగామణి ఫోన్ చుట్టూ చేరసాగింది. ఎట్లుంటది, ఏం తింటరు అని ప్రశ్నలు. గత్యంతరం లేక బుచ్చన్న సైట్ ఇంజనీరు సుధాకరరావును పట్టుకున్నాడు. ఆయన నిరుడు నిజంగానే మెక్సికో చూసొచ్చాడు.

"ఆ మెట్లు ఎక్కడం కాదు బుచ్చన్నా, దిగడం కష్టం. నేనైతే కూర్చుని దిగాను. అక్కడ మిడతల్ని కారం, నిమ్మరసం వేసి వేయించి పెడతారు. వాళ్ల రాజధాని ఏటేటా నేలలోకి కుంగిపోతోంది, తెలుసా!"

శుక్రవారం వచ్చేసరికి మిడతలు తిన్నదీ బుచ్చన్నే, కూర్చుని దిగిందీ బుచ్చన్నే. చెబుతుంటే అతనికే నమ్మబుద్ధేసేది.

నాలుగో శుక్రవారం ఫోన్ మామ చేతికి వచ్చింది.

"అల్లుడా, గసొంటి కంపెనీని ఇడ్సిపెట్టి ఇప్పుడెందుకొస్తవు? నువ్విటొస్తే నీ జాగల ఇంకొకన్ని మెక్సికో తోల్కపోతరు. వచ్చే ఏడు రా."

వాడంతా ఔనంది. గంగామణి గొంతు మాత్రం వినిపించలేదు. ఇంటి మీద బెంగతో దిగిన ఫోటోనే ఇంటిదారికి అడ్డం పడింది. నింపిన దరఖాస్తు పెట్టెలోనే ఉండిపోయింది.

మర్నాడు డ్యూటీ దిగగానే ఆమె ఒక్కతే ఉండే వేళ చూసి ఫోన్ చేశాడు.

"గంగామణీ, నేను మెక్సికో పోలేదే. అది స్టూడియోల పరదా. నాకు ఇంటికి రావాలనుంది."

"ఎర్కే."

"ఎప్పటిసంది?"

"మొదటిరోజే. మమత పోయినంక ఫోటో మల్ల జూసిన. మెట్ల కింద పరదా మడత వడ్డది, దాని మీద నీ బాత్రూం చెప్పులు. పుట్నాలు యాదికొచ్చి దిగినవని గూడ ఎర్కే."

"మరి నాలుగు వారాల్సంది అడుగుడెందుకే?"



"గీ రెండేండ్లు 'తిన్నవా, మంచిగున్నవా' అని రెండు నిమిషాలల్ల పెట్టేస్తుంటివి. మెక్సికో పోయినంక గంట మాట్లాడుతున్నవ్. ఆపబుద్ధి గాలే."

బుచ్చన్న కళ్లు తుడుచుకున్నాడు.

"మా బాపుకు నేను జెప్పుకుంట. నువ్వు లీవు పెట్టు," అందామె. "ఇంకా రెండు నెలలున్నది గదా. మెక్సికోల ఇంకేమన్న మిగిలిందా?"

మరుసటి పొద్దున బుచ్చన్న దరఖాస్తు ఆఫీసులో ఇచ్చి, రెండు నెలల కబుర్లకు సరిపడా ఎత్తున్న అగ్నిపర్వతం ఏదైనా ఉందేమో అడుగుదామని సుధాకరరావు గదికి వెళ్లాడు.