తడి లేని తరుగు

పదార్థానికి మూడు స్థితులున్నాయని బడిలో చెబుతారు: ఘనం, ద్రవం, వాయువు. పార్సెల్ కార్యాలయం దీన్ని ఎన్నడూ అంగీకరించలేదు. అక్కడ పదార్థం వచ్చినదైనా కావాలి, రానిదైనా కావాలి, లేదా విచారణలో ఉండాలి.

మా మరదలు పంపిన పెట్టె ఈ మూడో స్థితిలో ఉండగా నేను అక్కడికి చేరాను.

పెట్టెలో ఉన్నది ఐస్‌క్రీం. మా మనవరాలికి ముందురోజే టాన్సిల్స్ తీశారు. చల్లగా ఏదైనా పెట్టమన్నారు డాక్టరు. బజారులో దొరికేవన్నీ చూసి అది మూతి తిప్పుకుంది. మాట్లాడకూడదు కనుక పలక మీద "అమ్మమ్మ చేసేది" అని రాసింది. అమ్మమ్మ లేదు. ఆ రుచి ఇప్పుడు ఆవిడ చెల్లెలి చేతిలోనే మిగిలింది.

"ఎక్కించినప్పుడు నాలుగు కిలోలు. ఇప్పుడు మూడుంబావు," అన్నాడు తూకం గుమస్తా. "ముప్పావు కిలో ఏది సార్?"

"లోపల డ్రై ఐస్ ఉంది బాబూ. అది కరగదు. నీరు కాకుండానే గాలైపోతుంది."

"కరగదంటారు, తగ్గిందంటారు. ఏదో ఒక మాట మీద నిలబడండి."

నిబంధనల ప్రకారం తరుగుకు కారణాలు మూడే. కారడం, పగలడం, దొంగతనం. కారితే కింద తడి ఉండాలి. పగిలితే ముక్కలుండాలి. దొంగతనమైతే సీలు ఊడి ఉండాలి. గుమస్తా పెట్టె అడుగున చెయ్యి పెట్టి నిమిరాడు.

"తడి కూడా లేదు," అన్నాడు, నా పెంపకంలోనే ఏదో లోపం ఉన్నట్టు.

తరుగు అధికారిని పిలిచారు. (అలాంటి పదవి ఉందా అని ఆశ్చర్యపోకండి. మిగులు అధికారి వేరే ఉన్నాడు.) ఆయన మళ్ళీ తూయించాడు. ఇంకాస్త తగ్గింది. రెండు తూకాలు సరిపోలితేనే సంతకం పెట్టాలని నియమం. మళ్ళీ తూచారు. మళ్ళీ తగ్గింది.

"ఏమండీ, మీ సరుకు మా కళ్ళముందే గైర్హాజరవుతోంది," అన్నాడాయన. "మూతకు ఆ కన్నమేమిటి? టేపు వేసి మూసెయ్యండి."

"అది గాలి పోవడానికేనండీ. మూస్తే పెట్టె పేలుతుంది."

"బెదిరిస్తున్నారా?"

"లేదండీ. కాలేజీలో చదువుకున్నాను."

"అయితే తూకం నిలకడగా వచ్చేదాకా కూర్చోండి," అని కుర్చీ చూపించాడు. (కుర్చీ మంచిది. నాలుగు కాళ్ళూ నేలకు ఆనుతున్నాయి.)

తూకం నిలకడగా వచ్చిందంటే డ్రై ఐస్ అయిపోయినట్టు. అది అయిపోతే ఐస్‌క్రీం కరగడం మొదలు. ఈలోగా మా అమ్మాయి ఫోను.

"నాన్నా, ఇది మంచినీళ్ళు కూడా ముట్టట్లేదు. ఇంకా ఎంతసేపు?"

"తరుగు ఆగేదాకానమ్మా."

"ఏం ఆగేదాకా?"

ముద్రలు వేసే ఆవిడ ఇదంతా వింటోంది. అధికారి అటు తిరిగి ఎవరితోనో మాట్లాడుతుండగా నావైపు వంగింది.

"బాబాయిగారూ, మీ సంచిలో ఉన్నవి మంచినీళ్ళేనా?"

"అవునమ్మా."

"ఓసారి ఇవ్వండి, దాహంగా ఉంది."

తాగలేదు. పెట్టె మీద ఒంపింది. కొన్ని కన్నంలోంచి లోపలికి జారాయి. పెట్టె గుడగుడలాడింది. తెల్లటి పొగ కన్నంలోంచి పొంగి, పైకి లేవకుండా బల్లంతా పాకి, అంచు దాటి, తరుగు అధికారి బూట్ల మీదికి దిగింది.

ఆయన బూట్లు కనబడని స్థితిలో కాసేపు ఆలోచించాడు. తరువాత పెట్టె కింద వేలు పెట్టి చూశాడు. తడి.

"కారింది," అన్నాడు తృప్తిగా. "ఆ మాట ముందే చెప్పొచ్చుగా?"

ఆవిడ ముద్ర వేసింది.

ఐస్‌క్రీం అంచుల్లో మెత్తబడింది గాని మధ్యలో గట్టిగానే ఉంది. మనవరాలు మూడు చెంచాలు మింగి, ఆపరేషన్ అయ్యాక తొలిమాట పలికింది.

"ఇంకా."

వారం తిరక్కుండా కార్యాలయం గోడకు నోటీసు వెలిసింది: "డ్రై ఐస్ పార్సెళ్ళు తడిగా ఉన్నచో మాత్రమే ఇవ్వబడును." ప్రజల సౌకర్యార్థం దాని కింద ఒక జగ్గు నిండా నీళ్ళు పెట్టారు. జగ్గుకు బాధ్యురాలు ముద్రలావిడ. ఎండలు ముదిరాయి. మూత లేని జగ్గులో నీళ్ళు వాటంతటవే తగ్గసాగాయి. జగ్గు పగలలేదు, కింద తడి లేదు, దొంగ దొరకలేదు. ఆవిడను సంజాయిషీ రాసిమ్మన్నారు.

అందుకని నేను పనున్నా లేకపోయినా అటు వెళ్ళి, ఎవరూ చూడకుండా జగ్గు నింపి వస్తున్నాను. నిన్న ఆవిడ నన్ను పక్కకు పిలిచింది.

"బాబాయిగారూ, ఇంక పొయ్యకండి. మిగులు అధికారి వచ్చి కూర్చున్నాడు."