ఖాళీ చోట బ్లగోయ్

ఎలిత్సా ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా ఆఫీసు పని ముగించాలి, నాన్న ఫోటో సైటులోకి ఎక్కించాలి, మధ్యాహ్నం అమ్మ ఉడికించిన తీపి గోధుమలు పట్టుకుని సమాధి దగ్గరికి వెళ్ళాలి. నాన్న పోయి ఆ రోజుకు సరిగ్గా ఏడాది. వాళ్ళ ఊరు యాంబోల్‌లో మనిషి పోయిన నలభయ్యో రోజున, ఆరో నెలలో, ఏడాదికి స్మరణ పత్రం అచ్చువేసి ఇంటి తలుపుకు అంటిస్తారు. మొదటి రెండుసార్లూ ఆయన పత్రం ఫోటో లేకుండానే అంటించారు. కెమెరా కనిపిస్తే మొహం తిప్పేసుకునే మనిషి మరి. టుంజా నది ఒడ్డున చేప పట్టుకుని నవ్వుతున్న ఫోటో ఒకటి మొన్ననే ఆయన స్నేహితుడి దగ్గర దొరికింది. ఈసారైనా ఆయన మొహం తలుపు మీద ఉండాలని అమ్మ స్తోయ్నా పట్టుబట్టింది.

ఎలిత్సా ఉద్యోగమూ చావులతోనే. ఊళ్ళోని ఒక అంత్యక్రియల సంస్థకు ఈ స్మరణ పత్రాల సైటు తయారుచేస్తోంది. పేజీ టెంప్లేటు కోసం ఆమె సొంతంగా రాసిన ఫిల్టరు అనే కోడు ముక్క, పోయిన తేదీ చూసి ‘నలభై రోజులు’ అనో ‘ఏడాది’ అనో లెక్క చెబుతుంది. ట్యాగు అనే ఇంకో ముక్క, ఫోటో ఉండాల్సిన చోట ఫోటో తెచ్చి పెడుతుంది. ఫోటోయే లేకపోతే కొవ్వొత్తి బొమ్మ పెడుతుంది.

ఆ కొవ్వొత్తి ఆమె యజమాని బ్లగోయ్‌కు నచ్చలేదు.

"ఏంటీ ఏడుపుగొట్టు బొమ్మ? పదింటికి క్లయింటు వస్తున్నాడు!"

"చనిపోయినవాళ్ళ పేజీ కదండీ."

"అయితే మాత్రం? ఎవరైనా పెద్దమనిషి ఫోటో పెట్టు. ప్రస్తుతానికి నాదే పెట్టేయ్, స్టూడియోలో తీయించుకున్నది."

ఈ కొవ్వొత్తి రగడతోనే, దాని చోట బ్లగోయ్ ఫోటో పెట్టేసరికి పది కొట్టింది. నాన్న ఫోటో ఆమె ఫోనులోనే ఉండిపోయింది.

ఆ అంత్యక్రియల సంస్థ నుంచి వచ్చిన క్లయింటు ముందు బ్లగోయ్ నోటికి పట్టపగ్గాల్లేవు. "ఒక్క బటన్ నొక్కితే చాలు, ఇవాళ్టి పత్రాలన్నీ మీ ప్రింటరులో అచ్చవుతాయి!" అంటూ, ఎలిత్సా "అది ఉత్తుత్తిది కాదండీ, నిజం బట..." అనేలోపే నొక్కేశాడు. ఇంకా ఎవరి ఫోటోలూ ఎక్కించని నలభై మూడు పత్రాలు అక్కడ అచ్చయ్యాయి. వాటిని అంటించే పెన్యో బాబాయ్ చాలా పనిమంతుడు. పన్నెండు కొట్టేసరికి ఊరంతా తిరిగి అంటించేశాడు.

మొదట మంగలి ఫోన్ చేసి బ్లగోయ్ ఖననం ఎప్పుడని అడిగాడు. "నేనే మాట్లాడుతున్నాను!" అని బ్లగోయ్ అరిస్తే, అవతల ఫోను కింద పడిన చప్పుడైంది. కాఫీ కొట్టామె అతన్ని చూసి గుండెల మీద శిలువ గీసుకుని కొట్టు మూసేసింది. చివరికి అతని భార్య నెవెన చేతినిండా గులాబీలతో ఊడిపడింది.

"ఇరుగుపొరుగు తెచ్చిచ్చారు. లెక్కపెట్టు! పద్నాలుగు! సరి సంఖ్యలో పూలు పోయినవాళ్ళకే ఇస్తారని తెలుసా? తొంభై ఒక్కేళ్ళ కేరా మామ్మ పేరు మీద నీ మొహమేంటయ్యా?"

ఎలిత్సా పెన్యోకు ఫోన్ చేసింది. "అన్నిటి మీదా ఒకే మొహం ఉంటే అనుమానం రాలేదా, బాబాయ్?"

"పెద్ద కుటుంబమేమో అనుకున్నానమ్మా."

బ్లగోయ్ అందరి ముందూ ఎలిత్సాను ఉద్యోగంలోంచి తీసేశాడు. మీరే కదా పెట్టమన్నారంటే ఆ గదిలో వినేవాళ్ళు లేరు. ఆమె బ్యాగు తీసుకుని ఇంటికి బయలుదేరింది.

ఇంటికి వస్తే తలుపు దగ్గర అమ్మ గోధుమల గిన్నెతో నిలబడి ఉంది. ‘ఏడాది గడిచినా మా గుండెల్లోనే ఉన్నావు’ అన్న అక్షరాల పైన, మెడకు టై బిగించుకుని బ్లగోయ్ నవ్వుతున్నాడు.

"వీడెవడే?"

"మా యజమాని."

"ముప్పై ఎనిమిదేళ్ళు కాపురం చేశానే ఆయనతో," అంది స్తోయ్నా. "నీకు జీతమిచ్చేవాడి మొహం ముందు నిలబడి ఏడవమంటావా?"

ఎలిత్సాకు అప్పుడు ఏడుపొచ్చింది. ఉద్యోగం పోయినప్పుడు కూడా రాలేదు. ఇంతలో ఫోన్ మోగింది.

"నా మొహం ఎలా తీయాలి?" బ్లగోయ్ గొంతులో దర్పం లేదు. "ఇక్కడ ఒక్కడికీ తెలీదు!"

ఆమె కళ్ళు తుడుచుకుని ఓపిగ్గా చెప్పింది. "రెండు బొమ్మలు పంపుతున్నాను. కొవ్వొత్తి బొమ్మ మీ ఫోటో ఉన్న చోట పెట్టండి. రెండోది మా నాన్న. అది ఆయన పేరు కింద ఎక్కించండి. మళ్ళీ అచ్చువేసి, మా తలుపుకు ముందు అంటించమనండి. ఇంకేమీ అడగను."

గంటకు బ్లగోయే మళ్ళీ చేశాడు. కుషీగా ఉన్నాడు. "అయిపోయింది! మీ నాన్న ఫోటో భలే ఉందమ్మాయ్. ఆ కొవ్వొత్తి కంటే ఆయనే నయమని ఖాళీ చోటల్లా ఆయన్నే పెట్టేశాను. క్లయింటు సంతకం కూడా పెట్టేశాడు. రేపట్నుంచి పనిలోకి రా."

సాయంత్రం సమాధి దగ్గర్నుంచి తల్లీకూతుళ్ళు నడిచి వస్తుంటే, కెమెరాకు మొహం చూపించని ఆ మనిషి వీధి వీధినా తలుపుల మీద చేప పట్టుకుని నవ్వుతున్నాడు. కేరా మామ్మ పేరు మీద కూడా ఆయనే. స్తోయ్నా ప్రతి తలుపు దగ్గరా ఆగి ఆయన్ని చూసుకుంది.

వాళ్ళ తలుపు మీద మాత్రం ఇంకా బ్లగోయే ఉన్నాడు. అక్కడికి వచ్చేసరికి పెన్యో బాబాయ్ దగ్గర టేపు అయిపోయిందట.