ముందు ఫొటో, తర్వాత ఫొటో

పెద్దలనూ పిల్లలనూ పట్టి పీడిస్తున్న ఊబకాయాన్ని దేశం నుంచి తరిమికొట్టేదాకా తాను నిద్రపోనని ఆరోగ్యమంత్రిగారు ప్రకటించారు. విందు ముగిశాక చేసిన ప్రకటన కావడంతో చివరి వాక్యం కొంచెం ఆయాసంగా వచ్చింది. ఆ ఆయాసాన్ని పత్రికలు ఆవేదనగా రాశాయి.

ఉద్యమానికి తొలి అడుగుగా మంత్రిగారు ఒక బడికి వేంచేశారు. అప్పుడు మైదానంలో డ్రిల్ మాస్టారి కూతురు పరిగెడుతోంది. పదేళ్ల పిల్ల, బొద్దుగా ఉంటుంది. బరువు తగ్గకపోతే చిన్న వయసులోనే షుగర్ పట్టుకుంటుందని డాక్టరు చెప్పిన రోజు నుంచి మాస్టారికి ముద్ద దిగడం లేదు. ఇంటిల్లిపాదికీ తీపి మాన్పించాడు. రోజూ సాయంత్రం పిల్ల పక్కన తానూ పరిగెత్తాడు. ఇప్పుడిప్పుడే ఆ కష్టానికి ఫలితం కనబడుతోంది, పిల్ల గౌను నడుము దగ్గర వదులైంది.

"మన ఉద్యమానికి ఈ పాపే బ్రాండ్ అంబాసిడర్," అన్నారు మంత్రిగారు.

పరిగెడుతున్న పిల్లకు ఫొటో తీశారు. దాని కింద 'ముందు' అని రాయాలని ఆదేశించారు. పథకం పూర్తయ్యాక 'తర్వాత' ఫొటో తీసి, రెండూ పక్కపక్కన పెడతారట. మాస్టారు ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

"ఇంతకీ పథకం ఏంటండీ?" అని మంత్రిగారి పీఏను అడిగాడు.

"ఊబకాయ నివారణ భవనం."

"ఎక్కడ కడతారండీ?"

పీఏగారు బూటుతో నేలను తట్టి చూపించారు.

"ఇది పిల్లలు ఆడుకునే చోటండీ. మా అమ్మాయి పరిగెత్తేది ఇక్కడే."

"ఇంత ఖాళీ జాగా ఇంకెక్కడుంది మాస్టారూ? అయినా పిల్లలకి ఆటలు ఎంత అవసరమో చెప్పడానికే కదా ఇందులో హాలు కడుతున్నాం. ఏసీ హాలు."

పునాదులు తవ్వారు. వీధిలో పరిగెత్తిద్దామంటే ఇటుకల లారీలు. మేడ మీద పరిగెత్తిస్తే కింది ఇంటావిడ గొడవకొచ్చింది. బళ్లో మాత్రం ఉద్యమం ఊపందుకుంది. 'ఎక్కువసేపు కూర్చోవడం వల్ల నష్టాలు' అన్న కొత్త పాఠం పెట్టారు. పాఠం పెద్దది కావడంతో ఆటల పీరియడు కూడా దానికే ఇచ్చేశారు. పిల్లల్ని కదలకుండా కూర్చోబెట్టి ఆ పాఠం చెప్పే బాధ్యత డ్రిల్ మాస్టారి మీదే పడింది.

బ్రాండ్ అంబాసిడర్‌ను ప్రభుత్వం మరిచిపోలేదు. నెలనెలా మంత్రిగారి బొమ్మ వేసిన బిస్కెట్ల డబ్బా పంపింది. మాస్టారు పీఏకు ఫోన్ చేశాడు.

"సన్నబడాల్సిన పిల్లకి బిస్కెట్లెందుకండీ?"

"పాప ఇప్పుడే సన్నబడిపోతే ఇక భవనం చేసిందేముంది మాస్టారూ? ప్రారంభోత్సవం కానివ్వండి, తర్వాత మీ ఇష్టం."

మాస్టారు డబ్బాలను అటక మీద దాచాడు. ఆడుకోవడానికి చోటు లేని పిల్లకు అటక ఒక లెక్కా?

ఏడాదికి భవనం లేచింది. ప్రారంభోత్సవం రోజున పిల్ల, పాతవేవీ పట్టక కొత్త గౌను వేసుకుని, వేదిక మెట్లెక్కింది. సగంలో ఆగి, రొప్పుతూ నాన్న చెయ్యి పట్టుకుంది. ఫొటోగ్రాఫరు తన పని తాను చేసుకుపోయాడు.

మంత్రిగారు పాత ఫొటోను ఒకసారి, కొత్త ఫొటోను ఒకసారి, పీఏగారిని చాలాసేపు చూశారు.

"ఫొటోలు బ్రహ్మాండంగా ఉన్నాయి సార్," అన్నారు పీఏగారు. "వరసే తారుమారైంది. ఒక్క నిమిషం."

పెద్ద తెర మీద రెండు ఫొటోలూ వెలిగాయి. ఇవాళ్టి ఫొటో కింద 'ముందు', మైదానంలో పరిగెడుతున్న ఫొటో కింద 'తర్వాత'. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఇంత తక్కువ కాలంలో ఇంత మార్పు ఏ దేశమూ సాధించలేదని మంత్రిగారు గద్గద స్వరంతో చెప్పారు.

పిల్ల తెరకేసి ముచ్చటగా చూసింది.

"నాన్నా, నేను అలా ఎప్పుడవుతాను?"

"అయ్యావమ్మా," అన్నాడు మాస్టారు. "పోయినేడాది."