పిల్లి చిగుళ్లకు షేడ్ కార్డు

ఆ ఉదయం ప్రెస్ యజమాని వేసుకున్న పథకం చాలా చిన్నది. లోపల మందుసీసాల లేబుళ్లు అచ్చవుతుండగానే పిల్లిని సంచిలో వేసుకెళ్లి ఊరి చివర వదిలేసి రావడం. ఎలకలు కాగితం కట్టలు కొరికేస్తుంటే పిల్లి ఎప్పుడు చూసినా పడుకునే ఉంటోందని ఆయన కడుపుమంట. అడ్డం పడింది ఆయన మరదలు. ప్రెస్‌లో రంగులు కలిపేదీ, సరిచూసేదీ ఆవిడే. పిల్లి అంటే ఆవిడకు ప్రాణం. బావగారి మాటంటే లెక్కే లేదు.

"అది సోమరిది కాదు బావా. చిగుళ్లు చూడండి, ఎలా పాలిపోయాయో. ఒంట్లో రక్తం లేదు దానికి."

"నిన్న గోడ నాకుతూ కనిపించింది. అంత ఆకలైతే ఎలకను తినొచ్చుగా."

"గోడా మన్నూ నాకడం కూడా రక్తం తగ్గిన లక్షణమే. మెట్లెక్కితే రొప్పుతోంది, చూడట్లేదా?"

"నేనూ రొప్పుతాను. నన్నెవరూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లలేదు."

మరదలు రంగులు సరిచూసే గడుల షేడ్ కార్డు తెచ్చి పిల్లి పెదవి పక్కన పెట్టింది. గులాబీలో అన్నిటికన్నా లేత గడి కూడా ఆ చిగుళ్ల ముందు ముదురుగానే ఉంది. దాంతో బావగారికి వృత్తి పౌరుషం పొడుచుకొచ్చింది.

"ట్యూబ్‌లైటు కింద రంగు చూస్తారా ఎవరైనా? ఎండలోకి పట్రా."

అందరూ వీధిలోకి నడిచారు. మెషిన్ నడిపే అతను కూడా, తన అభిప్రాయం లేకుండా తీర్పు ఎలా వస్తుందని, మెషిన్ను దాని మానాన వదిలేసి వచ్చాడు. ఎండలోనూ తెలుపు తెలుపే. అయినా ఒప్పుకుంటే ఆయన బావగారు ఎందుకవుతారు? "ముందు మంచి చిగుళ్లు ఎలా ఉంటాయో చూడాలి కదా" అంటూ తన పెదవి పైకెత్తి నిలబడ్డారు. మెషిన్ మనిషి మూడో గడి అన్నాడు, ఆవిడ నాలుగోది అంది. అప్పుడే లేబుళ్ల కోసం వచ్చిన మందుల కంపెనీ మేనేజరు, కారణమైనా అడక్కుండా, తనూ నోరు తెరిచి వరసలో నిలబడ్డాడు.

ఈలోగా మెషిన్లో ఎర్ర ఇంకు అయిపోయింది. వాళ్లు లోపలికొచ్చేసరికి లేబుళ్లన్నీ పిల్లి చిగుళ్లకు తీసిపోకుండా పాలిపోయి ఉన్నాయి.

బావగారు సంచీ అందుకున్నారు. "ఇక ఇది ఈ గడప తొక్కడానికి వీల్లేదు."

"అయితే నేనూ తొక్కను. ఎరుపు మీరే కలుపుకోండి" అని మరదలు పిల్లిని చంకనేసుకుని పశువుల ఆసుపత్రికి బయలుదేరింది. ఏ రోగమూ లేదని తేలితే అటునుంచటే ఊరి చివరికి పోవచ్చని బావగారు సంచీతో సహా వెనకే నడిచారు.

డాక్టరమ్మ కార్డు వైపు కన్నెత్తి చూడలేదు. చిగుళ్లు నొక్కి చూసి, పిల్లి బొచ్చు సన్నటి దువ్వెనతో దువ్వింది. నల్లటి నలుసులు రాలాయి. వాటిని తడిదూది మీద వేసి రుద్దితే దూది ఎర్రబడింది.

"గోమార్లు, బొచ్చులో దాగే పురుగులు. ఈ నలుసులన్నీ అవి తాగి వదిలిన రక్తం. పరీక్షకు పంపుతాను గానీ, రక్తహీనతే. ఇంకొన్నాళ్లు ఆగుంటే దక్కేది కాదు."

మరదలి కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుని ఆవిడ చూసిన చూపుకు బావగారు సంచీ మడిచి వెనక దాచుకున్నారు.

"ఎక్కడ పడుకుంటుందిది?" అడిగింది డాక్టరమ్మ.

"బావగారి గదిలో, ఆయన కుర్చీలో."

డాక్టరమ్మ, నిలబడిన చోటే ఒక కాలితో రెండో కాలు గోక్కుంటున్న బావగారిని చూసింది. "ఆ గది మూసి మందు కొట్టండి. అందులో ఉండేవాళ్లను వేరేచోట ఉంచండి."

ఆ వారమంతా పిల్లి మేడమీద, బావగారి భార్య మంచం పక్కన మందులు మింగుతూ తేరుకుంది. గది పోయిన బావగారిని మరదలు కాగితం కట్టల మధ్య స్టూలు మీద కూర్చోబెట్టి ఎలకల కాపలా అప్పగించింది. ఆయన ఒక్కదాన్నీ పట్టలేకపోయారు.