రవీందర్ ఇంట్లో ఉబ్బిన చెక్కలు

"తొర్రూరుల నేరం జేసినోనికి నిద్ర రాదు. ఎందుకంటే ఈ గణపతి నిద్రపోడు!" అని ప్రకటించి, మా అపరాధ పరిశోధకుడు నా చాయ్ కూడా తానే తాగేశాడు.

నిద్ర నాకే పట్టడం లేదు. రవీందర్ వాళ్ల పాత ఇంట్లో షాబాదు బండల మీద నేను పరిచిన చెక్క ఫ్లోరింగ్ నెల తిరక్కుండానే ఉబ్బి లేచింది. "నవాజ్ నకిలీ చెక్కలేసిండు" అని రవీందర్ బస్టాండులో చాటేశాడు. ఈ ఊళ్లో నాకిదే మొదటి చెక్క పని. ఆ మాట నిలిచిపోతే ఇక నన్ను ఎవరూ గడప తొక్కనివ్వరు.

గణపతి భూతద్దంతో రంగంలోకి దిగాడు. చెక్కకు చెవి ఆనించాడు, నాలుకతో రుచి కూడా చూశాడు.

"ఇది తెలిసినోని పనే. ఈ చెక్కల గుట్టు ఎవలికెరుక? ఏసినోనికి!"

"ఏసింది నేనేరా!"

"అందుకే నువ్వు ఊరు దాటొద్దు."

"నేను జెప్పేది గదే గదా గణపతన్నా!" అన్నాడు రవీందర్. నాకు ఒళ్లు మండిపోయింది. కాపాడమని పిలుచుకున్నవాడే నన్ను పట్టించాడు!

నేరస్తుడు మళ్లీ వస్తాడంటూ శుక్రవారం తెల్లవారగానే గణపతి రవీందర్ ఇంటి హాల్లో మంచం కింద దూరాడు. అనుమానితుడు కళ్లముందే ఉండాలని నన్నూ లాక్కుపోయాడు.

అడుగుల చప్పుడైంది.

"హంతకుడు!" అన్నాడు గణపతి.

"ఎవలు సచ్చిండ్రురా?"

అంతలో బిందెడు నీళ్లు వచ్చి అతని మొహాన పడ్డాయి. "విషప్రయోగం!" అని కేక పెట్టాడు. మంచం కిందికి చీపురు దూసుకొచ్చి అతని వీపు పగలగొట్టింది. చీపురు వెనక రవీందర్ తల్లి కొమురమ్మ ఉంది.

పొద్దెక్కితే గాని లేవని రవీందర్ ఆ గోలకు పరుగెత్తుకొచ్చాడు. "అవ్వా, గీ నీళ్లేంది?"

"శుక్కురారం ఇల్లు కడగొద్దా? చెక్కలేసినంక నీళ్లు మోరీలకు పోతలేవు. అందుకే ఇంకో రెండు బిందెలు ఎక్కువ పోస్తున్న."

"తడిగుడ్డతోని తుడవాలె, కడగొద్దని నీకు జెప్పిన గదన్నా!" అన్నాను రవీందర్‌తో.

"జెప్పినవ్," అని నసిగాడు. "అవ్వకు జెప్పుడు నాతోని అయితదా?"

కొమురమ్మ చీపురు పారేసి కొడుకు చెయ్యి పట్టుకుంది. "నాకు జెప్పుడు శాతగాలే గని, మంది పిలగాని మీద నింద ఎయ్య శాతనైందా? నడువ్!"

బస్టాండులో గణపతి అప్పటికే తడి చొక్కాతో అభినందనలు అందుకుంటున్నాడు. రవీందర్ తల దించుకుని, "నవాజ్ తప్పేం లేదు" అని గొణిగాడు.

కొమురమ్మ అతని వీపు మీద ఒక్కటేసింది.

"జర గట్టిగ జెప్పురా, బస్సుల కూసున్నోళ్లకు ఇనవడలే!"